గాలి నడుపు తూము

చెరువు క్రింద సేద్యము చేసిన పెద్దలకు తూమనగా నేమో చెప్పనక్కరలేదు. నీరుగట్టి తూముకడకు పోయి బిరడా పైకి లాగిన నీరు కాలువకు దిగును; దించిన నిలుచును. ఆతడు కునికినచో ఒకరి మడి మునుగును, మరియొకరి మడి యెండును. ఈ పూట నేను చెప్పబోవునది నీరుగట్టి లేని తూముల చరిత్ర.

చిత్తూరు, తిరుపతి ప్రాంతములందు మామిడి గుజ్జు తీయు కర్మాగారములు పెక్కు గలవు. దామలచెరువు, బంగారుపాళెము ప్రాంతముల తోతాపురి కాయ, మనవారు బెంగుళూరా యనునది, ట్రాక్టర్లమీద వచ్చి వాని వాకిట బారులు తీరును. కాయ మాగిన పిమ్మట గుజ్జు తీసి, గొట్టములలో 90 డిగ్రీలకు పైగా కాచి, చల్లార్చి, సూక్ష్మజీవులు చొరరాని సంచులలో నింపుదురు. ఆ గొట్టముల మలుపులందు వాల్వులుండును. వానిలో పెక్కింటిని త్రిప్పునది మనుష్యుని చేయి గాదు, అదిమిపెట్టిన గాలి. కొలిమి తిత్తిలోని గాలియే. ఒత్తిడి మాత్రము హెచ్చు.

ఈ గాలి మన సీమకు క్రొత్త గాదు. 1880లో జాన్ టేలరు కంపెనీవారు కోలారులో బంగారు గనులు చేపట్టిన పిమ్మట మన పడమటి తాలూకాలవారు అనేకులు అచ్చటికి కూలికి పోయిరి. భూగర్భమున రాతిని తొలిచిన యంత్రములు గాలితో నడిచినవే. గనులలో గాలి కారిపోవుట పెద్ద నష్టము. దక్షిణాఫ్రికా బంగారు గనులలో దీనిని గమనించిన సాండర్సు అను ఇంజనీరు, 1920 దశాబ్ది చివర, రబ్బరు పొర నొక్కి దారి మూయు వాల్వును కల్పించెను. గాలి బయటికి పోకుండ పుట్టిన ఈ పొర, మలినము లోనికి రాకుండ కాపాడుననియు, ఎంగిలి దాగుటకు సందు మిగుల్చదనియు ఆహారము చేయువారు తరువాత కనుగొనిరి. గని కొరకు పుట్టినది వంటయింటికి వచ్చినది!

పాల కథ వేరు. పాశ్చరు 1860 దశాబ్దిలో చూపిన మార్గమున పాలను 72 డిగ్రీలకు కాచి 15 సెకండ్లు నిలిపిన క్షయ మొదలగు రోగముల బీజములు నశించును. తొలినాళ్లలో ఉష్ణమాపకమును చూచుచు చేతితో వాల్వు త్రిప్పువా డుండెడివాడు. ఆతని కన్ను చెదరినచో కాగని పాలు కాగినవానిలో కలియును. త్రాగిన బిడ్డకు ఆ సంగతి తెలియదు. 1930 దశాబ్దిలో దీనికి వాల్వుతోనే మందు దొరికినది. పాలు తగినంత కాగినప్పుడే గాలి వచ్చి, స్ప్రింగును నొక్కి, ముందుకు దారి యిచ్చును. వేడి తగ్గెనా, గాలి విడిపోవును. స్ప్రింగు పాలను మొదటి తొట్టికే మరలించును. విశేష మేమనగా, గొట్టము తెగినను, కరెంటు పోయి గాలియంత్రము నిలిచి ఒత్తిడి పడిపోయినను జరుగునది అదియే. నాకు తోచినంతలో ఈ యంత్రములన్నిటిలో బుద్ధిగల పని యిదియే.

వాల్వుకు ఆజ్ఞ సయితము గాలి రూపముననే పోవుట వాడుక: చదరపు అంగుళమునకు 3 పౌనులు మొదలు 15 పౌనులవరకు. సున్న మొదలు ఏల పెట్టలేదందురా? సున్నయైనచో, “మూయు” మన్న ఆజ్ఞయో, గొట్టము తెగినదో తెలియుట యెట్లు? మూడు పౌనులున్నచో ఆజ్ఞ బ్రతికియున్నట్లు లెక్క.

మన గుజ్జుకును ఇట్టి కాపే. సరిగా కాగని గుజ్జు ఇన్నూరు కిలోలకు పైబడిన సంచిలో చేరెనా, పులిసి, పీపాలో ఉబ్బి, ఓడలో నెలలు ప్రయాణము చేసి, పరదేశమున బయటపడును. ఆ నష్టము మరుసటి యేట కాయధరమీద పడదని యే రైతు నమ్మును?

గాలిలో నూనె, చెమ్మ ఉన్నను చేటే; కనుక దానిని వడగట్టి, ఆరబెట్టి పంపవలెను. రబ్బరు పొర వేడికి, కడుగు క్షారమునకు బిరుసెక్కి చీలును. అందుచేత కాయ దిగకమునుపే వాల్వులు విప్పి, పొరలు మార్చి, గొట్టములలో వట్టి నీరు పారించుచు, గాలిని కావలెనని కోసివేసి, నీరు వెనుకకు తిరుగునో లేదో చూచుకొనవలెను.