కామెర్లు – కాలువ నీరు – గర్భిణి: దిగువ కృష్ణా డెల్టా నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
తెలుగులోని ‘కామెర్లు’ సంస్కృత ‘కామల’కు సంబంధించిన మాట. చరకసంహిత చికిత్సాస్థానం 16వ అధ్యాయం పాండురోగంతోపాటు కామలను వివరించింది. కళ్లు, చర్మం పచ్చబడటాన్ని బట్టి గుర్తించే ఈ వ్యాధికి ‘పచ్చకామెర్లు’ అనే పేరూ ఉంది. ఇది లక్షణాన్ని చెప్పే పేరే గాని కారణాన్ని చెప్పేది కాదు. గర్భిణి విషయంలో ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల నేపథ్యంలో దానిని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నీటి దారి:
1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణా కాలువలు ఈ ప్రాంతానికి సాగునీటితోపాటు తాగునీటినీ అందించాయి. తీరంలో భూగర్భజలం ఉప్పగా ఉండటంతో ఊళ్లు కాలువతో నిండే మంచినీటి చెరువులపై ఆధారపడ్డాయి. శివారుకు చేరేలోపు ఆ నీటిలో ఎగువ పట్టణాల మురుగు కలుస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తాగునీటి వనరులనూ పాడుచేసింది.

ఇటువంటి కలుషిత జలం ద్వారా వ్యాపించేదే హెపటైటిస్-ఇ. దాని తీవ్రత ఢిల్లీలో వెల్లడైంది. 1955-56లో యమునా నీటిలో మురుగు కలిసి, 29 వేలమందికి పైగా కామెర్ల బారినపడ్డారు. గర్భిణులలో మరణాలు అధికంగా సంభవించాయి. నిల్వచేసిన రక్త నమూనాలను 1980లో పరీక్షించినపుడు అది హెపటైటిస్-ఎ కాదని తేలింది. 1983లో సోవియట్ శాస్త్రవేత్త బలయాన్ బృందం కొత్త వైరస్ కణాలను గుర్తించింది. గర్భం చివరి నెలల్లో ఇది సోకితే మరణాల రేటు 20-25 శాతం వరకు ఉండవచ్చు.

రక్తపు దారి:
హెపటైటిస్-బి నీటి ద్వారా రాదు. రక్తం ద్వారా, ప్రసవ సమయంలో తల్లి నుండి శిశువుకు సోకుతుంది. ఆ తల్లి కళ్లు పచ్చబడకపోవచ్చు. కనుక రక్తపరీక్షే ఆధారం. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ దేశీయ టీకాను విడుదల చేసింది. పుట్టిన 24 గంటల్లోపు వేసే టీకా శిశువును కాపాడుతుంది. 2018 జూలై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

పసరుమందు:
నీటి ద్వారా వచ్చే కామెర్లు చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి. ఆ ఖ్యాతి నేల ఉసిరి పసరుకు దక్కుతుంది. గర్భిణికి మాత్రం ఆ నిరీక్షణే ప్రమాదం.

ముగింపు:
ఒకే పేరు రెండు దారులను కప్పివేసింది. ఒకదానికి శుద్ధమైన నీరు, మరొకదానికి రక్తపరీక్ష, టీకా రక్షణ. కాబట్టి ‘కామెర్లు’ అన్న మాట దగ్గర ఆగక, ‘ఏ కామెర్లు?’ అని అడగడం అవసరం.