నాలుగు తలుపుల జీటీ-ఆర్

కార్ల మీద కాస్తో కూస్తో పిచ్చి ఉన్నవాళ్ళెవరినైనా స్కైలైన్ జీటీ-ఆర్ ఎలా ఉంటుందో చెప్పమనండి. వెనకాల పెద్ద రెక్క, గుండ్రటి ఎర్ర దీపాలు, రెండే తలుపులు అంటారు. మా టీంలో కొత్తగా చేరిన విజయవాడ కుర్రాడైతే, నాలుగు తలుపులుంటే అది అసలు జీటీ-ఆరే కాదు, ఎవరో అతుకులేసిన నకిలీ బండి అని తేల్చేశాడు. లంచ్ టైం అరగంటలో వాడికి చెప్పడం కుదర్లేదు కాబట్టి తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే జరిగింది సరిగ్గా తలకిందులు. ఆ బండి పుట్టిందే నాలుగు తలుపులతో, అదీ అతుకేసుకుని!

ఇది నిస్సాన్‌తో మొదలైన కథ కాదు. ప్రిన్స్ అని ఒక కంపెనీ ఉండేది. యుద్ధం ముగిశాక విమానాలు చెయ్యడానికి వీల్లేక కార్లలోకి దిగిన ఇంజనీర్లు అందులో చాలామంది. 1963లో సుజుకాలో జరిగిన మొదటి జపాన్ గ్రాంప్రీలో వీళ్ళ కార్లు చిత్తుగా ఓడిపోయాయి. మరుసటి ఏడాదికల్లా ఆ పరువు తిరిగి తెచ్చుకోవాలి. చేతిలో ఉన్నదేమో స్కైలైన్ అనే బుద్ధిమంతుడైన ఫ్యామిలీ సెడాన్, 1500 సీసీ, నాలుగు సిలిండర్లు. వాళ్ళదే గ్లోరియా అనే పెద్ద కారులో 2000 సీసీ ఆరు సిలిండర్ల ఇంజను ఉంది గానీ, అది స్కైలైన్ ముక్కులో పట్టదు.

పట్టకపోతే ఏం చేస్తాం? సకురాయ్ షినిచిరో బృందం ముక్కునే 20 సెంటీమీటర్లు పొడుగు చేసేసింది. రేసులో దిగాలంటే అలాంటివి 100 కార్లు తయారుచేసి ఉండాలని నిబంధన, అవీ చేశారు. ఇక్కడ గమనించాల్సింది, పొడుగైంది ముక్కు ఒక్కటే. వెనక తలుపులు, వెనక సీటు, డిక్కీ అన్నీ మామూలు స్కైలైన్‌వే. మధ్యాహ్నం రేసుకెళ్ళి సాయంత్రం అత్తగారింటికెళ్ళచ్చు.

1964 మే నెల, మళ్ళీ సుజుకా. తీరా చూస్తే అవతల పోర్షే 904 దిగింది! నేలకి అంటుకున్నట్టుండే, రేసుల కోసమే పుట్టిన కారు. దాని ముందు ఈ సెడాన్లు ఎలా ఉండుంటాయో ఊహించుకోండి. అయినా ఇకుజావా తెత్సు నడిపిన స్కైలైన్ ఒక ల్యాప్‌లో ఆ పోర్షేని దాటి ముందుకొచ్చింది. చివరికి గెలిచింది పోర్షేనే, కానీ రెండో స్థానం నుంచి ఆరో స్థానం దాకా వరసగా అన్నీ స్కైలైన్లే. జపాన్‌లో ఈనాటికీ గెలిచినవాడికన్నా ఆ ఒక్క ల్యాప్‌నే ఎక్కువ తలుచుకుంటారు.

ఈ బండిని వాళ్ళు గొర్రెతోలు కప్పుకున్న తోడేలు అని ముద్దుగా పిలుచుకున్నారు. మనకీ మేకవన్నె పులి ఉంది గానీ, మనం ఎవణ్ణైనా అలా అంటే వాడు కొట్లాటకొస్తాడు. వాళ్ళకది మెచ్చుకోలు.

1966లో ప్రిన్స్ నిస్సాన్‌లో కలిసిపోయింది. మెర్జర్లు చూసిన మనవాళ్ళకి చెప్పక్కర్లేదు, బోర్డు మారాక పాత కంపెనీ వాళ్ళ మాట ఎంత చెల్లుతుందో. పేరు పోయింది గానీ వీళ్ళ పని పోలేదు. ప్రిన్స్ ఆర్380 అనే రేసు కారు ఇంజను లోంచి పుట్టిన ఎస్20 అనే ఇంజనుని, 24 వాల్వులు, 160 హార్స్‌పవర్, మళ్ళీ అదే స్కైలైన్ సెడాన్‌లో పెట్టి 1969 ఫిబ్రవరిలో అమ్మకానికి తెచ్చారు. జీటీ-ఆర్ అనే పేరు మొట్టమొదట తగిలించింది ఈ బండికే. తలుపులు? నాలుగు. రెండు తలుపులది 1970లో గానీ రాలేదు, అదీ చక్రాల మధ్య దూరం 7 సెంటీమీటర్లు తగ్గించుకుని. రేసుల్లో చురుగ్గా తిరగడానికి అది మంచిదే, కాదనను. కానీ దాంతో వెనక సీటు వాళ్ళ పని అయిపోయింది. 1989లో జీటీ-ఆర్ మళ్ళీ వచ్చినప్పుడు రెండు తలుపులతోనే వచ్చింది.

ఇక ఆటెక్ సంగతి. నిస్సాన్ 1986లో ప్రత్యేకమైన బండ్లు చెయ్యడానికి ఈ కంపెనీ పెట్టింది. మొదటి అధ్యక్షుడెవరనుకుంటున్నారు? ఆ సకురాయే! 1998 నాటికి ఆయన అక్కడ లేరు గానీ, స్కైలైన్‌కి 40 ఏళ్ళు నిండిన గుర్తుగా ఆటెక్ వాళ్ళు ఆర్33 తరం జీటీ-ఆర్‌ని నాలుగు తలుపులతో చేశారు. సెడాన్ శరీరంలో జీటీ-ఆర్ ఇంజను, నాలుగు చక్రాలకీ శక్తినిచ్చే దాని వ్యవస్థ పెట్టి, వెనక చక్రాల మీది రేకు వెడల్పు చేశారు. రెక్క తీసేశారు. మొత్తం చేసినవి నాలుగు వందల పైచిలుకు. నన్నడిగితే జీటీ-ఆర్‌లన్నిటిలోకీ అందమైనది ఇదే.

అయితే నా మనసు పడ్డది దానికన్నా ముందు, 1997 అక్టోబరులో వచ్చిన స్టేజియా 260ఆర్‌ఎస్ మీద. ఇది వ్యాగన్. ముందు అదే 2.6 లీటర్ల ట్విన్ టర్బో ఇంజను, ఐదు గేర్ల మాన్యువల్ తప్ప ఇంకోటి లేదు, బ్రెంబో బ్రేకులు. వ్యాగన్‌కి వెనక సీటు అవతల అడ్డుగోడ ఉండదు కాబట్టి ఇంత శక్తి పెడితే శరీరం మెలితిరుగుతుంది. అందుకని కింద అదనంగా బిగింపులు వేశారు. కాగితం మీద 280 హార్స్‌పవర్. అన్నట్టు, 1989 నుంచి 2004 దాకా జపాన్ కంపెనీలన్నీ అంతకు మించి చూపించకూడదని పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నాయి. ఆ అంకెని ఎవరు ఎంత నమ్మారన్నది వేరే సంగతి. 2001 వరకూ చేసినవి సుమారు 1,700. ఇండియన్ స్టోర్‌లో నాలుగు సోనామసూరి బస్తాలేసుకుని, పిల్లల సీట్లు బిగించుకుని వెళ్ళగలిగిన జీటీ-ఆర్ అంటే ఇదొక్కటే.

అమెరికాలో అమ్మకానికి తయారవ్వని కారుని ఇక్కడికి తెచ్చుకోవాలంటే దానికి 25 ఏళ్ళు నిండాలి, 1988లో చేసిన చట్టం అది. గ్రీన్ కార్డు లైన్లో ఉన్నవాళ్ళు నవ్వుకోండి, కనీసం బండికి తేదీ ఖాయంగా తెలుసు. తయారైన నెల నుంచి లెక్క. ఆ లెక్కన మొదటి 260ఆర్‌ఎస్‌లకి 2022 చివర్లో, నాలుగు తలుపుల జీటీ-ఆర్‌కి 2023లో దారి తెరుచుకుంది. 2001లో తయారైన ఆఖరి స్టేజియాలకి గడువు తీరేది 2026లో. స్టీరింగ్ కుడివైపే ఉంటుంది. ఎడమచేత్తో గేర్లు మార్చడం మా విజయవాడ కుర్రాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.