ముదిమి - విశ్వాసం - సాక్ష్యం: జాషువ చివరి దశ రచనలపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
గుఱ్ఱం జాషువ (1895-1971) ‘క్రీస్తుచరిత్ర’ను అరవై దాటాక ప్రకటించారు. దానిని వయసు మళ్లిన కవి భక్తిలోకి మరలడంగా చూడటం ఒక వాడుక. ఆయన నాస్తికత్వం వైపు జరిగారని చెబుతూ ఆ కావ్యాన్ని పక్కన పెట్టడం మరొక వాడుక. జాషువ వార్ధక్యాన్ని క్రైస్తవ సంప్రదాయంలోని ‘సాక్ష్యం’ అనే భావనతో చదివితే ఈ రెండు వాడుకలూ నిలవవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జాషువ, క్రీస్తుచరిత్ర, నా కథ, వార్ధక్యం, సాక్ష్యం, క్రైస్తవ సాహిత్యం.

ఉపోద్ఘాతం:
తెలుగు కవి వార్ధక్యాన్ని గురించి మనకు కొన్ని స్థిరమైన చిత్రాలున్నాయి. ఆశ్రయం పోయి దైన్యంలో పడిన శ్రీనాథుడు చాటువుల ద్వారా మనకు తెలుసు. ధూర్జటి శతకాన్ని రాజాశ్రయంపై విసిగిన మనసు చివరి మాటగా చదవడం అలవాటైంది. ఆశ్రమధర్మం చెప్పే వానప్రస్థం ఈ చిత్రాలన్నింటికీ వెనుక తెరలాంటిది. వయసు మీద పడ్డ మనిషి లోకవ్యవహారం నుంచి తప్పుకుంటాడు, తప్పుకోవడమే అందం అన్నది ఆ చట్రం. జాషువ ‘క్రీస్తుచరిత్ర’ 1958లో వెలువడింది. తేదీని మాత్రమే చూస్తే అది ఈ చట్రంలో చక్కగా ఇమిడిపోతుంది. చిక్కు అక్కడే ఉంది.

ఊహించిన ముదిమి:
జాషువ వృద్ధాప్యాన్ని అనుభవించకముందే ఊహించారు. 1932లో, ముప్పై ఏడేళ్ల వయసుకు అటూఇటూగా, ఆయన ‘ఫిరదౌసి’ రాశారు. గజనీ సుల్తాను మాట నమ్మి దశాబ్దాలు కావ్యం రాసి, బంగారానికి బదులు వెండి అందుకున్న పారశీక కవి కథ అది. ఆ కవి ముదిమి విలువ పూర్తిగా రాజు చేతిలో ఉంది. రాజు మాట తప్పడంతో జీవితమంతా వృథా అయిన వేదన ఆ కథకు కేంద్రం. నడివయసు జాషువ దృష్టిలో కవికి ముదిమి అంటే బహుశా ఇదే: రావలసింది రాకపోవడం. తన కులం కారణంగా సభల్లో అవమానాలు పడ్డ కవి ఇలా ఊహించడంలో ఆశ్చర్యం లేదు.

ఆయన సొంత ముదిమి మాత్రం ఇలా సాగలేదు. ఈ తేడా ఎలా వచ్చిందన్నదే పరిశీలించదగిన విషయం.

సంఘం వేరు, క్రీస్తు వేరు:
జాషువ తండ్రి వీరయ్య క్రైస్తవ బోధకుడు. గుంటూరులోని లూథరన్ శిక్షణ పాఠశాలలో జాషువ దాదాపు పదేళ్లు ఉపాధ్యాయుడుగా పనిచేశారు. క్రైస్తవుడై ఉండి హైందవ పురాణవస్తువులపై పద్యాలు రాస్తున్నాడని మతపెద్దలు ఆయనను సంఘానికి వెలిగా ఉంచారని జీవితచరిత్రకారులు చెబుతారు. కర్ణాటక రాగాలలో క్రీస్తును కీర్తించిన పురుషోత్తమ చౌదరి (1803-1890) పాటలను ఆరాధనలో నిలుపుకున్న సంఘమే, మార్గకవిత్వపు వస్తువును చేపట్టిన జాషువను భరించలేకపోయింది. రాగం చెల్లింది, పురాణం చెల్లలేదు. తెలుగు క్రైస్తవ సాహిత్య చరిత్రలో దీనిపై జరగవలసినంత చర్చ జరగలేదు.

ఈ నేపథ్యంలో ‘క్రీస్తుచరిత్ర’ను ‘తిరిగి రావడం’ అనడం కుదరదు. తనను వెలివేసిన వారి దగ్గరికి పశ్చాత్తాపంతో వచ్చిన కవి కావ్యం కాదది. పశువుల పాకలో పుట్టి, వడ్రంగి ఇంట పెరిగి, వెలిపడ్డవారితో కలిసి భుజించి, చివరకు మతాధికారుల చేతనే దోషిగా తీర్పు పొందిన వాని కథను జాషువ ఎంచుకున్నారు. ఊరూ సంఘమూ రెండూ గెంటివేసిన మనిషికి ఆ కథలో చోటు వెదకనక్కరలేదు. మరొకటి గమనించాలి. సంప్రదాయం ప్రకారం క్రీస్తు ముప్పై మూడేళ్లకే మరణించాడు. ఆయనకు ముదిమి లేదు. అరవై దాటిన కవి ఒక యువకుని కథ చెబుతున్నాడు. ముసలితనాన్ని ఎలా గడపాలన్న ఆదర్శం ఆ కథలో దొరకదు. అయితే అన్యాయపు తీర్పు తరువాత కూడా జీవితం వృథా కాదన్న హామీ దొరుకుతుంది. ఫిరదౌసికి లేనిది ఆ హామీయే.

సాక్ష్యం అనే భావన:
లూకా సువార్తలో శిశువైన యేసును దేవాలయంలో ఇద్దరు ఎదుర్కొంటారు. సుమెయోను వయసును లూకా చెప్పడు గాని సంప్రదాయం అతణ్ణి వృద్ధుడుగానే చూసింది. అన్న ఎనభై నాలుగేళ్ల వితంతువు. వారిద్దరూ అడవికి పోలేదు, మౌనం వహించలేదు. అన్న అక్కడివారికి శిశువును గురించి చెబుతుంది. సుమెయోను ఆ తల్లికి రాబోయే దుఃఖాన్ని దాచకుండా చెబుతాడు. ముదిమి ఇక్కడ నిష్క్రమణ కాదు. చూసింది చెప్పే బాధ్యత. తెలుగు క్రైస్తవ సంఘాలలో విశ్వాసులు లేచి తమ బతుకుకథ చెప్పే ఆచారానికి ‘సాక్ష్యం’ అనే పేరే ఉంది. న్యాయస్థానపు మాట ఆరాధనలోకి రావడం యాదృచ్ఛికం కాదు. సాక్షి ఉన్నాడంటే ఎక్కడో విచారణ జరుగుతోందని అర్థం.

1966లో వెలువడిన ‘నా కథ’ను ఈ వెలుగులో చదవాలని నా ప్రతిపాదన. ఆత్మకథను పద్యంలో చెప్పడాన్ని ఛందస్సు మీది మమకారంగా మాత్రమే వివరిస్తే చాలదు. సంఘంలో చెప్పే సాక్ష్యం సాధారణంగా సాక్షి పాపంతో మొదలై అతని రక్షణతో ముగుస్తుంది. జాషువ సాక్ష్యంలో విచారణకు నిలబడేది ఆయన కాదు, కులసమాజం. ప్రక్రియ సంఘానిదే అయినా ప్రతివాదిని ఆయన మార్చారు.

విశ్వాసం ఆయనను మెత్తబరిచిందా అంటే, ఈ అర్థంలో లేదు. సంకుచితం చేసిందా అంటే, అదీ లేదు. ‘క్రీస్తుచరిత్ర’ వచ్చిన రెండేళ్లకు, 1960లో, కుమార్తె హేమలత ప్రసిద్ధ నాస్తికోద్యమకారుడు గోరా కుమారుడైన లవణాన్ని సేవాగ్రాంలో వివాహమాడారు. క్రీస్తు కావ్యకర్తకూ నాస్తికుల ఇంటికీ ఇలా వియ్యం కుదిరింది. ఆయనను ఆస్తికుడనో నాస్తికుడనో ముద్రవేయాలని తొందరపడే విమర్శ ఈ కుటుంబం ముందు కాస్త ఆగవలసి ఉంటుంది.

చివరి సంవత్సరాలు:
‘క్రీస్తుచరిత్ర’ నాటికి జాషువ మద్రాసు ఆకాశవాణిలో ఉద్యోగం చేస్తున్నారు. ఆ తరువాత ‘ముసాఫరులు’ (1963), ‘నాగార్జునసాగరం’ (1966) వచ్చాయి. 1964లో ‘క్రీస్తుచరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అదే ఏడు ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి నియమితులయ్యారు. ఫిరదౌసికి అందని బంగారం జాషువకు అందిందనుకోవచ్చు. అందిన తరువాతనే, డెబ్బై దాటిన వయసులో, ఆయన ‘నా కథ’ను ప్రకటించారు. వినుకొండ అవధాన సభలో పద్యం చదివి, నిన్నెవరు లోనికి రానిచ్చారన్న మాట పడ్డ యువకుణ్ణి మండలి సభ్యుడైన కవి అక్కడ మళ్లీ నిలబెట్టి మాట్లాడించారు.