బార్సూర్ తెలుగు రాళ్లు: శాసనానికి చిరునామా ఎలా ఏర్పడుతుంది?

భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారయ్యే రైలు పట్టా పక్కభాగంలో ఉబ్బెత్తు అక్షరాలు కనిపిస్తాయి. తయారీదారు గుర్తు, పట్టా రకం, తయారైన నెల, సంవత్సరం వాటిలో ఉంటాయి. ఏ విడత ఉక్కుతో చేశారో తెలిపే సంఖ్యను విడిగా ముద్రిస్తారు. ఎక్కడైనా పట్టా విరిగితే ఈ గుర్తులే దాని పుట్టుక చెబుతాయి. రాతి శాసనానికి అలాంటి సౌకర్యం లేదు. దాని గుర్తింపును పరిశోధకులే నిర్ణయించి, జాబితాలో నమోదు చేయాలి. భిలాయికి దక్షిణాన, బస్తర్ ప్రాంతంలోని బార్సూర్ తెలుగు శాసనాలు దీనికి మంచి ఉదాహరణ.

మొదటి పని నకలు

రాయిని శుభ్రం చేసి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంతల్లోకి దిగేలా బ్రష్‌తో కొడతారు. తర్వాత పైన సిరా అద్దుతారు. నల్లని కాగితంపై అక్షరాలు తెల్లగా తేలతాయి. దీన్నే ఎస్టాంపేజి అంటారు. రాయి అరిగినా, పోయినా చదవడానికి ఇది మిగులుతుంది. భారత పురావస్తు శాఖ శాసన విభాగం ప్రధాన కేంద్రం మైసూరులో ఉంది. 1887లో మొదలైన వార్షిక నివేదికల్లో ఏటా సేకరించిన శాసనాలకు వరుస సంఖ్యలిస్తారు.

జాబితాలో దొరికిన చోటు, రాజు, వంశం, తేదీ, భాష, లిపి, సారాంశం వేర్వేరుగా రాస్తారు. భాష, లిపి ఒకటి కావు. సంస్కృత శాసనం తెలుగు లిపిలోనూ ఉండవచ్చు.

స్కాండినేవియా రూనిక్ శాసనాలకూ ఇదే తరహా పద్ధతి ఉంది. స్వీడన్‌లోని ప్రసిద్ధ ర్యోక్ శిల సంకేతం 'ఓగ్ 136'. మొదటి భాగం ఓస్టర్‌యోట్‌లాండ్ ప్రాంతాన్ని, అంకె వరుస సంఖ్యను సూచిస్తాయి. ఉప్సలా విశ్వవిద్యాలయం డేటాబేస్‌లో ఈ సంకేతంతో వెతికితే పాఠం, అనువాదం, కాలం ఒకేచోట దొరుకుతాయి.

బార్సూర్ చిక్కుముడి

బస్తర్‌ను పాలించిన ఛిందక నాగుల కాలపు శాసనాల్లో కొన్ని సంస్కృతంలో, కొన్ని తెలుగులో ఉన్నాయి. బార్సూర్‌లోని శక 983 (సా.శ. 1060 ప్రాంతం) తెలుగు శాసనం ధారావర్షుని కాలానిది. ఆయన సామంతుడు చంద్రాదిత్యుడు శివాలయం కట్టించి, చెరువు తవ్వించిన సంగతి అందులో ఉంది. మరో తెలుగు శాసనం సోమేశ్వరుని రాణి గంగమహాదేవి రెండు శివాలయాలు కట్టించిందని చెబుతుంది. దాని తేదీ శక 1130, అంటే సా.శ. 1208.

చిక్కు ఇక్కడే ఉంది. ధారావర్షుని కుమారుడి పేరు సోమేశ్వరుడు. ఆయన తల్లి గుండమహాదేవి వేయించిన నారాయణపాల్ శాసనం తేదీ శక 1033 (సా.శ. 1111). అప్పటికే సోమేశ్వరుడు గతించాడు, ఆయన కుమారుడు కన్హరుడు పాలిస్తున్నాడు. మరి 1208లో ఆయన రాణి గుడి ఎలా కట్టించింది? ఆ పేరుతో మరో రాజు ఉండాలి, లేదా చెక్కినవారో చదివినవారో అంకెలో పొరబడి ఉండాలి. ఒక్క అంకెతో వంశవృక్షమే మారిపోతుంది. అందుకే మంచి జాబితా తేదీని సరిచేసి రాసేయదు. రాతి మీద ఉన్నదాన్ని ఉన్నట్టు ఇచ్చి, సందేహాన్ని పక్కన నమోదు చేస్తుంది.

తెలుగువారికి ఎందుకు కనబడవు?

మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు శాసనాలు 'సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్' పదో సంపుటంలో 1948లో వచ్చాయి. బస్తర్ ఆ ప్రెసిడెన్సీలో లేదు. అక్కడి శాసనాల కోసం రాయ్ బహదూర్ హీరాలాల్ 1916లో ప్రచురించిన మధ్య పరగణాలు, బేరారు శాసనాల జాబితా చూడాలి. ఆ తర్వాత బస్తర్ సంస్థానం మధ్యప్రదేశ్‌లోకి, 2000లో ఛత్తీస్‌గఢ్‌లోకి వచ్చింది. బార్సూర్ ఇప్పుడు దంతెవాడ జిల్లాలో ఉంది. పాత జాబితా చెప్పే రాష్ట్రం, జిల్లా నేటి పటంతో సరిపోలవు.

భాషకు రాష్ట్ర సరిహద్దులు అడ్డురాలేదు గానీ, జాబితాలు మాత్రం సరిహద్దుల ప్రకారమే తయారయ్యాయి. తెలుగు శాసనాలను రెండు తెలుగు రాష్ట్రాల సంపుటాల్లోనే వెతికితే బార్సూర్ దొరకదు. ఊరి పేరు, భాష, పాత సంఖ్య, కొత్త జిల్లా కలిపి చూపే ఉమ్మడి సూచిక ఉంటే, భిలాయిలో స్థిరపడిన తెలుగువారికి తమ రాష్ట్రంలోనే దాదాపు వెయ్యేళ్ల నాటి తెలుగు రాళ్లున్న సంగతి సులభంగా తెలుస్తుంది.