నలుపు–తెలుపు మార్పిడి

బూడిద ఛాయల బొమ్మలో ఒక్కో చుక్కకు 0 నుంచి 255 దాకా విలువ ఉంటుంది. అచ్చమైన నలుపు–తెలుపులో ఉండేవి రెండే. ఒక హద్దు పెట్టి, దాని దిగువవి నలుపు, ఎగువవి తెలుపు చేస్తారు. ఆ హద్దును బొమ్మను బట్టే తేల్చే పద్ధతిని 1979లో ఒత్సు అనే పరిశోధకుడు ప్రకటించారు. తూర్పు కనుమల సవర భాషపై గిడుగు రామమూర్తి 1931లో వెలువరించిన గ్రంథంలాంటి పాత పుస్తకాలను స్కాన్ చేసేటప్పుడు అసలు చిక్కు ఇక్కడే. హద్దు మరీ తగ్గితే సన్నని గీతలు తెగిపోతాయి; తెలుగులోనైతే ‘ఫ’ కాస్తా ‘ప’ అయి కూర్చుంటుంది. పెరిగితే కాగితం పసుపు మరకలన్నీ సిరా అవుతాయి. బొర్రా గుహల్లాంటి చీకటి చోట తీసిన ఫొటోకైతే ఒక్క హద్దు చాలదు, మసక వెలుగంతా మసిముద్దే. అక్కడ 1976 నాటి ఫ్లాయిడ్–స్టైన్‌బర్గ్ పద్ధతి చుక్కల సాంద్రతతో ఛాయల భ్రమ కల్పిస్తుంది. ఏ పద్ధతైనా, చుక్కకు 8 బిట్లు కాస్తా ఒక్క బిట్టే అవుతాయి. తిరిగి బూడిద రూపంలో దాచినా పోయిన ఛాయలు రావు.