కంప్యూటరును మేల్కొల్పునది

సికిందరాబాదునకు ఈశాన్యమున ఇ.సి.ఐ.ఎల్. సంస్థ కలదు. అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున 1967లో వెలసిన ఈ సంస్థ ఓటింగు యంత్రములను తయారుచేయుచున్నది. ఆ యంత్రపు ప్రోగ్రామును చిప్పులో ఒక్కమారే వ్రాయుదురు. పిదప చెరిపి వ్రాయుటకు వీలులేదని ఎన్నికల సంఘము చెప్పుచున్నది. కాని మన బల్లమీది కంప్యూటరులోని ఇట్టి ప్రోగ్రామునే అప్పుడప్పుడు మార్చుకొనుడని తయారీదారులు కోరుచుందురు. ఈ భేద మెట్లు వచ్చినదో చూతము.

మీట నొక్కగానే, తెరపై ఏమియు కనబడకముందే, మదర్‌బోర్డు మీది చిన్న చిప్పులోని ప్రోగ్రాము మేల్కొనును. మెమరీని, కీబోర్డును, డిస్కును పరీక్షించి, పెద్ద ప్రోగ్రాములకు పని అప్పగించును. ఇదియే ఫర్మ్‌వేరు. ఆ పేరును 1967లో ఆషర్ ఆప్లర్ అను అమెరికను నిపుణుడు వాడెను. కదలని హార్డ్‌వేరునకును సులభముగా మారు సాఫ్ట్‌వేరునకును నడుమ నుండునది యని భావము.

నడుమ నున్నదానికి మార్పు తప్పదు. ఐ.బి.ఎమ్. వారు తమ సిస్టం 370 యంత్రముల లోపలి ఆదేశములను దూరమున నున్న ఖాతాదారులకు చేర్చుటకు చవుకైన సాధనము వెదకిరి. ఫలితము 1971 నాటి ఫ్లాపీ డిస్కు! 8 అంగుళముల ఆ పలుచని బిళ్లలో సుమారు 80 కిలోబైట్లు పట్టెడివి. ఉత్తరమువలె తపాలాలో పంపవచ్చును. ఒకప్పుడు మనము పాఠములను, ప్రశ్నపత్రములను దాచుకొనిన ఫ్లాపీ మొదట పుట్టినది ఇందుకే.

1981 నాటి ఐ.బి.ఎమ్. పి.సి.లో ఫర్మ్‌వేరును రోమ్ చిప్పులో నుంచిరి. దానిని మార్చవలెనన్న చిప్పునే ఊడదీయవలెను. తరువాత తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా కనుగొనిన ఫ్లాష్ మెమరీ, చిప్పును కదపకయే తిరిగి వ్రాయు సౌకర్యము నిచ్చెను. అయితే తెరచిన తలుపున దొంగయు దూరగలడు గదా! 1999 ఏప్రిలు 26న సి.ఐ.హెచ్. వైరసు అదియే చేసెను. అది ఫర్మ్‌వేరును చెరపగలిగిన యంత్రములు ఎన్నిమారులు మీట నొక్కినను లేవలేదు. పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరువంటి బజారునకు మోసికొనిపోయి చిప్పును మార్పించుటయో, వేరొక పరికరముతో వ్రాయించుటయో తప్ప అట్టి యంత్రమునకు గతిలేదు.

కావుననే ఇప్పుడు క్రొత్త ఫర్మ్‌వేరునకు గణితరీత్యా సంతకము చేసి పంపుచున్నారు. లైనక్సు కంప్యూటరులలో దీనిని చూచుకొనునది ఎఫ్.డబ్ల్యు.అప్‌డి అను సేవ. 2015లో రిచర్డ్ హ్యూస్ దీనిని లోకమున కందించెను. తెరవెనుక నుండి ఇది యంత్రభాగముల ఫర్మ్‌వేరు సంఖ్యలను చదివి, తయారీదారుల పట్టికతో పోల్చును. సంతకము సరిపోలనిచో ఫైలును త్రోసివేయును. సరిపోలినను, వ్రాయుచుండగా కరెంటు పోయినచో యంత్రము మరల లేవకపోవచ్చును, యు.పి.ఎస్. లేని పాఠశాలలో వేసవి మధ్యాహ్నము ఈ పనికి పూనుకొనరాదు.

ఓటింగు యంత్రములో ఇట్టి సేవకు తావే లేదు. అది ఏ నెట్‌వర్కుతోను కలియదు. ప్రోగ్రామును మార్చవలసివచ్చినచో చిప్పునే మార్చవలెను.