పుష్య పంచమికి పిల్లల గోష్ఠి

త్యాగయ్యగారి పంచరత్నాలు అందరూ కలిసి కూర్చుని పాడటం ఆయన కాలం నుంచీ వస్తున్న ఆచారమని మా పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది నమ్మకం. కాదు. త్యాగయ్యగారు సిద్ధి పొందింది 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు. ఆ తర్వాత తొంభై ఏళ్ళు దాటాక, 1940-41 ప్రాంతంలో గాని ఆయన సమాధి ఉన్న తిరువయ్యారులో ఈ గోష్ఠిగానం స్థిరపడలేదు. అంటే టాకీ సినిమాకంటే చిన్న వయసున్న ఆచారమిది. పైగా పుట్టింది భక్తితో మాత్రమే కాదు, తగువు తీర్చడానికి. బెంగళూరులో ఏటా దీపావళి దాటగానే పిల్లల్ని కూర్చోబెట్టి ఆ పంచమికి తయారుచేసే పని నాది. పెద్దవాళ్ళు తమ పేచీ తెంపుకోవడానికి చేసుకున్న ఏర్పాటు పిల్లలకు ఇంత చక్కగా అమరింది గదా అని ప్రతి ఏడూ అనుకుంటాను.

తగువు సంగతి క్లుప్తంగా చెబుతాను. త్యాగయ్యగారి శిష్యులు చాలాకాలం పంచమిని ఎవరి ఇళ్ళలో వాళ్ళు జరుపుకున్నారు. కావేరి ఒడ్డున సమాధి పట్టించుకునేవాళ్ళు లేక పాడుబడితే, 1903లో ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ దాన్ని బాగుచేయించారు. కొన్నేళ్ళకే అక్కడి పంచమి ఆరాధన పెద్దదైంది. పెద్దదవుతూనే రెండు ముక్కలైంది. ఒకరిది పెరియ కట్చి, ఇంకొకరిది చిన్న కట్చి; పెద్ద పక్షం, చిన్న పక్షం. వేరే ఏర్పాట్లు, వేరే పెత్తనాలు. విద్వాంసులు ఎవరికి వారు వచ్చి ఓ కీర్తన పాడి, దణ్ణం పెట్టుకుని వెళ్ళేవారు. ఇద్దరికీ ఒక్క విషయంలో మాత్రం మాట కలిసింది: ఆడవాళ్ళు అక్కడ పాడకూడదు.

అలాంటి చోటికి బెంగళూరు నాగరత్నమ్మగారు వెళ్ళారు. పేరుకి ముందు మా ఊరున్నా, ఆవిడ పుట్టింది 1878లో, నంజనగూడులో. చదువు మైసూరులో మొదలైంది. కన్నడం, తెలుగు, సంస్కృతం చిన్నతనంలోనే వంటబట్టించుకున్నారు. బెంగళూరులో సంగీతం గట్టిపడింది, మద్రాసులో పేరూ డబ్బూ వచ్చాయి. 1910లో ముద్దుపళని కావ్యం ‘రాధికాసాంత్వనం’ అచ్చువేయించి సర్కారు చేత నిషేధం వేయించుకున్నదీ ఈవిడే. తిరువయ్యారులో సమాధి పరిస్థితి బాగాలేదని 1921లో విద్వాంసులు బిడారం కృష్ణప్పగారు మైసూరు నుంచి రాసిన ఉత్తరం ఆవిణ్ణి కదిలించింది. సొంత సొమ్ముతో స్థలం సంపాదించి, 1920ల నడుమకల్లా గుడి నిలబెట్టారు. కట్టించిన మనిషి ఆ గుడి ముందు కూర్చుని పాడటానికి మాత్రం వీల్లేదన్నారు. సరే అని వెనక్కి వెళ్ళి, గుడి వెనక తోటి స్త్రీలను కూర్చోబెట్టి పాడించారు. దాంతో మూడో పక్షం తయారైంది, ఆడవాళ్ళ పక్షం. మా చిన్నపిల్లలకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఈ ముక్కే. ‘గుడి ఆవిడది కదా మిస్, వాళ్ళనే పొమ్మనచ్చు గదా’ అంటారు.

చివరికి పక్షాలు రాజీపడ్డాయి. ఎవరు ముందు, ఎవరు తర్వాత, ఎవరికెంతసేపు అనే పేచీకి మందు ఏమిటయ్యా అంటే అందరూ ఒక్కసారే పాడటం. అందుకు త్యాగయ్యగారి ఐదు ఘనరాగ కృతులు ఎంచుకున్నారు, పంచరత్నాలంటే అవే. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. ఐదూ ఆదితాళమే కాబట్టి ఎక్కడి విద్వాంసుడైనా వచ్చి కూర్చుని చెయ్యి కలపొచ్చు. ఆడవాళ్ళూ ఆ వరసల్లో కూర్చున్నారు. నాగరత్నమ్మగారు 1952లో పోయారు. ఆవిడ సమాధి కూడా అక్కడే, త్యాగయ్యగారికి దగ్గర్లోనే ఉంది.

ఈ పద్ధతి మా ఊరికి తేలిగ్గా అతుక్కుంది. అసలు మైసూరు సీమ పాటకీ తిరువయ్యారుకీ చుట్టరికం పాతది. మైసూరు వాసుదేవాచార్యులవారు (1865-1961) కుర్రతనంలో తిరువయ్యారు వెళ్ళి పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ దగ్గర నేర్చుకున్నారు. అయ్యర్‌గారి గురువు మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారు, ఆయన త్యాగయ్యగారి ప్రత్యక్ష శిష్యుడు. ఆచార్యులవారు కన్నడిగులైనా కీర్తనలు ఎక్కువగా తెలుగులోనూ సంస్కృతంలోనూ రాశారు. ఇక బెంగళూరులో గాయన సమాజ 1905 నుంచీ ఉంది. చామరాజపేటలో ఎస్.వి. నారాయణస్వామిరావుగారు 1939లో శ్రీరామసేవా మండలి మొదలుపెట్టి శ్రీరామనవమి కచేరీలను ఊరి పండగ చేసేశారు. ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో పందిరి కింద పానకం తాగుతూ, కోసంబరి తింటూ, అమ్మ ఒళ్ళో పడి నిద్రపోతూ పాట విన్న పిల్లలు ఈ ఊళ్ళో మూడు తరాలవాళ్ళున్నారు. అలా నిద్రలో విన్నవాళ్ళకి నేర్పడం సులువు. నా అనుభవంలో ఇది ఖాయం.

పైగా మాకు ఇంకో వాటం ఉంది. త్యాగరాజ పంచమి తర్వాత పది రోజులకి, అదే పక్షం చివర అమావాస్యనాడు పురందరదాసుల ఆరాధన. అందుకే ఇక్కడ చాలాచోట్ల రెండూ కలిపి ‘పురందర-త్యాగరాజ ఆరాధన’ అని ఒకే పత్రిక వేస్తారు. ఆ రోజు బడి ఉంటే పక్కనున్న ఆదివారమో, జనవరి 26 సెలవో చూసుకుంటాం. దాసులవారి పేరు ఉండటం వల్ల పసివాళ్ళకూ చోటు దొరుకుతుంది, వాళ్ళ తొలి గీతాలు ఆయనవే గదా. సరళీ, జంట, అలంకారాలు దాటి మలహరి గీతాల్లో ఉన్నవాళ్ళు ఆ గీతాలే పాడి దిగుతారు. వర్ణాలు దాటినవాళ్ళు పంచరత్నాలకి కూర్చుంటారు. నడుమ ఉన్నవాళ్ళది అసలు ఏడుపు. గీతాలు పాడమంటే చిన్నతనం, పంచరత్నాలు ఇంకా రావు. వాళ్ళకి దాసులవారి దేవరనామాలు ఇస్తాను.

తయారీ దీపావళి తర్వాత స్వరంతో మొదలవుతుంది. పంచరత్నాల చరణాలన్నీ ముందు స్వరంగా, ఆ వెంటనే అదే స్వరం మీద సాహిత్యంగా పాడతాం గదా. స్వరం నోటికి వచ్చేదాకా నేను సాహిత్యం ఇవ్వను. పుస్తకం ముట్టుకోనివ్వను. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, తర్వాత రెండుసార్లు దెబ్బా విసురూ. చెయ్యి తొడ మీద కనబడాలి, లోలోపల లెక్కపెట్టుకుంటున్నానంటే ఒప్పుకోను. సాహిత్యం ఇచ్చేటప్పుడు కన్నడం చదివేవాళ్ళకి కన్నడ లిపిలో రాయిస్తాను, దీర్ఘాలూ ఒత్తులూ ఉన్నవి ఉన్నట్టు దిగుతాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న పిల్ల ఏది పొట్టి, ఏది పొడుగు అన్నది మర్చిపోయి తాళాన్ని కూడా లాక్కుపోతుంది. అందుకని ఆ నోటుపుస్తకాలు నా దగ్గరే పెట్టుకుంటాను.

గౌళ దగ్గర ఎక్కువ రోజులు పడుతుంది. వాళ్ళు మొట్టమొదట నేర్చుకున్న మాయామాళవగౌళలోంచి వచ్చిందే ఈ రాగం. అందుకే ప్రమాదం. సరళీ వరసల్లో ఏళ్ళతరబడి పాడిన రిషభం నాలిక చివర సిద్ధంగా ఉంటుంది, గౌళలో అది ఇంకా కిందకి, షడ్జాన్ని ఆనుకుని పలకాలి. ‘కొంచెం తగ్గించు’ అంటే పిల్లలు గొంతు తగ్గిస్తారు గాని స్వరం తగ్గించరు. తంబూరా మాత్రం పెట్టి, రిషభం పట్టి షడ్జంలోకి జారమంటాను, మళ్ళీ మళ్ళీ. నలుగురైదుగురికి పట్టుబడితే చాలు, మిగిలినవాళ్ళు పక్కన కూర్చుని వాళ్ళలోకి కలిసిపోతారు. గోష్ఠికున్న సుగుణం అదే.

ఆరభిలో గొడవ వేరు. అందులో ప్రతి చరణం అయ్యాక పల్లవి ఎత్తుకోం, వేరే పంక్తికి వెళ్తాం. మిగతావాటిలో అలవాటైన నోరు పల్లవిలోకి దూకేస్తుంది. ఒకరు దూకితే సగంమంది వాళ్ళ వెంటే. నాటలో పది చరణాలు, ఆరోదాని తర్వాత ఎనిమిదోది ఎత్తుకుంటే బృందం రెండుగా చీలుతుంది, తిరువయ్యారు పక్షాల్లాగే. దీనికి నేను కనిపెట్టిన చిట్కా ఏమీ లేదు. ఒక పెద్దపిల్లని నాయకురాలిగా పెట్టి, ప్రతి చరణం మొదట అందరూ ఆ అమ్మాయి ముఖం చూడాలంటాను. నాయకురాలు తప్పు పాడినా సరే దాంతోనే పోవాలి. ఇది కొందరు తండ్రులకు నచ్చదు. ‘మా అబ్బాయిది కరెక్ట్ అయినప్పుడు...’ అంటారు. కరెక్టే బాబూ, కానీ ఆ కరెక్టు ఒక్కడిదైతే వినేవాళ్ళకి అది అపశ్రుతే.

మగపిల్లల సంగతి కొంచెం జాగ్రత్తగా చూసుకోవాలి. చిన్నప్పుడు ఆడపిల్లలతో సమానంగా ఐదు శ్రుతిలో హాయిగా పాడినవాడికి పన్నెండు, పదమూడేళ్ళకి గొంతు బొంగురుపోతుంది. తారస్థాయి అందదు, కిందకి దిగితే గాలి వస్తుంది. ఒంటరి కచేరీ అయితే వాణ్ణి ఆ ఏడు ఆపేయాల్సిందే, చాలామంది అక్కడే పాట మానేస్తారు కూడా. గోష్ఠిలో అయితే వెనక వరసలో కూర్చుని తాళం వేస్తూ, అందినంత పాడుకుంటాడు. మర్నాడు కూడా క్లాసుకి వస్తాడు. నేను గోష్ఠి పక్షం పట్టడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఇప్పుడు పదేళ్ళు నిండకుండానే ఒంటరి అరంగేట్రం చేయించడం ఒక వేడుకైంది. హాలు, ఫ్లెక్సీ, వీడియో, వచ్చినవాళ్ళకి కానుకలు. పిల్ల పాడిన పది కీర్తనలూ పొల్లు పోకుండా ఉంటాయి, ఆ పదే వస్తాయి. పక్కవాళ్ళ గొంతు విని తన గొంతు సర్దుకోవడం తెలియదు. అలాంటి పిల్లని తెచ్చి మా వరసలో కూర్చోబెడితే మొదటి చరణంలోనే తెలిసిపోతుంది, అందరికంటే అరమాత్ర ముందు ఉంటుంది. పాపం, తప్పు ఆ పిల్లది కాదు.

సంక్రాంతి మా శత్రువు. బెంగళూరులో ఆ రోజు ఇంటింటికీ ఎళ్ళు-బెల్ల పంచుతారు: నువ్వులు, వేరుశనగ, పుట్నాలు, ఎండుకొబ్బరి, బెల్లం ముక్కలు, వాటి మీద పంచదార అచ్చులు. పట్టులంగాలు కట్టుకుని వీధి వీధంతా తిరిగి పంచి, పంచినంతా తిని, మర్నాడు కప్ప గొంతులతో వస్తారు. జనవరి పొద్దున చలి దానికి తోడు. మిరియాల పాలు తాగమని తల్లులకి మెసేజ్ పెడతాను. అటునుంచి బొటనవేలు గుర్తు వస్తుంది, పాలు తాగారో లేదో తెలియదు.

చివరి వారం మృదంగం వస్తుంది. అప్పటిదాకా బుద్ధిగా నడిచిన కాలం మృదంగం దెబ్బ వినగానే పరుగందుకుంటుంది. శ్రీరాగం చివరికి వచ్చేసరికి, ఊపిరి కోసం వరుసగా నోళ్ళు మూతపడతాయి. మృదంగం వాయించే ఆయన అనుభవజ్ఞుడైతే వాళ్ళ వెంట పరిగెత్తడు, కాస్త వెనక్కి పట్టి లాగుతాడు. కుర్రవాడైతే వాడికీ సరదాయే, ఇంకా తోలుతాడు. అందుకని నేను ఆయన ఎవరైనా సరే, పక్కనే కూర్చుంటాను.

ఇక వరసలు కుదర్చడం. మైకు ముందు ఎవరన్నది నిర్ణయించే రోజు నా ఫోను ఆగదు. పొట్టివాళ్ళు ముందు, గట్టి గొంతులు నడిమి వరసలో, ఇదే నా లెక్క. గట్టి గొంతు మైకుకి దగ్గరైతే మిగతా ముప్ఫై మందీ వినబడరు. ‘మా అమ్మాయి ఫోటోలో కనబడదు మేడమ్’ అని ఒకావిడ బాధ. ఫోటోకి లేచి నిలబడమంటాను, పాటకి కూర్చోమంటాను. మగపిల్లల పంచెలకి ఇప్పుడు వెల్‌క్రో పట్టీలు వచ్చాయి కాబట్టి ఆ బెంగ తీరింది.

ఇంతా చేసి మేం పాడేది నాలుగే. వరాళి గురువు నేరుగా చెబితే గురుశిష్యులకు చెడుతుందని సంగీతంలో పాత నమ్మకం ఉంది. అందుకే ఐదింటిలో ఆ కృతి అందరి నోటా అంతగా నలగలేదు. నాకు నమ్మకం ఉందా అంటే ఉందనలేను, లేదనీ అనలేను. మా గురువుగారు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అయితే ఈసారి పెద్దపిల్లలు పట్టు వదల్లేదు, ఐదూ పాడాల్సిందేనట. సరేనన్నాను. హాల్లో మీరు రికార్డు పెట్టుకుని వినండి, వింటూ పట్టుకోండి, నేను వంటింట్లో ఉంటాను, నేర్పింది నేను కాదు. గాంధారం తప్పితే మాత్రం అక్కణ్ణుంచే గరిటె కంచానికేసి కొడతాను.